జాకీ హాలో గుడిసెల్లో చలికాలం గడిపినవాళ్ళు ఎవరు? అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో మామూలు సైనికుల గురించి

ఎడిసన్_నివాసి
పోయిన శనివారం మా అమ్మాయిని తీసుకుని మోరిస్‌టౌన్ పక్కనున్న జాకీ హాలో చూడటానికి వెళ్ళాను. 1779–80 చలికాలంలో వాషింగ్టన్ సేన విడిది చేసిన చోటు అది. కొండవాలు మీద దుంగలతో నమూనాగా కట్టిన గుడిసెలు కొన్ని ఉన్నాయి. ఒకదానిలోకి తల వంచుకుని వెళ్ళాం. సుమారు 14 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు ఉంటుంది. గోడల వెంట ఒకదానిపై ఒకటిగా చెక్క మంచాలు, ఎదురుగా పొయ్యి ఉన్నాయి. ఇందులో 12 మంది పడుకునేవారని అక్కడి ఉద్యోగి చెప్పాడు. మా అమ్మాయి ఒక మంచం మీద చెయ్యి పెట్టి, "వీళ్ళంతా ఎవరు నాన్నా? యుద్ధం అయిపోయాక ఏమయ్యారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

పౌరసత్వ పరీక్ష కోసం నూరు ప్రశ్నలూ కంఠస్థం చేసినవాణ్ణి నేను. వాషింగ్టన్, జెఫర్సన్, ఫ్రాంక్లిన్ పేర్లు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ గుడిసెలో పడుకున్న 12 మందిలో ఒక్కరి గురించి కూడా నాకు తెలియదు. మా అమ్మాయి పాఠ్యపుస్తకంలోనూ ఒక బొమ్మ, దాని కింద రెండు వాక్యాలు తప్ప ఏమీ లేవు. వాళ్ళు ఎందుకు చేరారు, తిండి లేకపోయినా ఎందుకు ఉన్నారు, చివరికి వాళ్ళకు ఏం దక్కింది? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి, నేను చదివి అమ్మాయికి చెబుతాను.

గుంటూరు_మాస్టారు
ముప్పై ఏళ్ళు కళాశాలలో చరిత్ర చెప్పాను కానీ, ఈ ప్రశ్న ఇంత సూటిగా నన్ను ఏ విద్యార్థీ అడగలేదు. దీనికి జవాబు యుద్ధం మొదట్లో ఒకటి, తరువాత మరొకటి.

1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్, కాంకర్డ్ ఊళ్ళలో తుపాకీ పట్టినవాళ్ళు ఎక్కువగా సొంత పొలం ఉన్న రైతులు, వాళ్ళ కొడుకులు, ఊళ్ళో చేతిపని చేసుకునేవాళ్ళు. ఆ ఏడాది వేసవిలో ఉత్సాహం ఊరూరా పొంగింది. జూన్ 17న బంకర్ హిల్ దగ్గర గుట్ట చేజారినా, దాన్ని పట్టుకోవడానికి బ్రిటిష్‌వారు వెయ్యిమందికి పైగా సైనికులను చంపుకోవడమో గాయాలపాలు చేసుకోవడమో జరిగింది. అయితే వీళ్ళు చేరింది ఏడాది చివరి వరకే. గడువు తీరగానే చాలామంది ఇళ్ళకు వెళ్ళిపోయారు. 1776లోనూ అదే కథ. ఆ డిసెంబరులో క్రిస్మస్ రాత్రి మంచుగడ్డలు తేలుతున్న డెలావేర్ నదిని దాటి ట్రెంటన్ మీద పడిన 2,400 మందిలో చాలామందికి గడువు మరో వారంలో ముగియనుంది. ఇంకో ఆరు వారాలు ఉంటే తలకు 10 డాలర్లు ఇస్తామని వాషింగ్టన్ వాళ్ళను బతిమాలవలసి వచ్చింది.

ఈ గడువుల చిక్కు ముందే తెలిసి కాంగ్రెస్, అంటే తిరగబడిన రాష్ట్రాల ప్రతినిధుల సభ, 1776 సెప్టెంబరులోనే శాశ్వత సేన కావాలని నిర్ణయించి 88 పటాలాలను రాష్ట్రాలకు వంతులేసింది. యుద్ధం ముగిసేదాకా ఉంటానన్న సైనికుడికి 20 డాలర్లు, 100 ఎకరాల భూమి ఇస్తామని మాట ఇచ్చింది. రాష్ట్రాలు ఆ లెక్కను ఊళ్ళ మీద వేశాయి. పొలం ఉన్న రైతు, కొట్టు ఉన్న వర్తకుడు తాను వెళ్ళకుండా డబ్బిచ్చి బదులు మనిషిని పంపాడు. అప్పటి నుంచి సేనలో నిలిచింది భూమి లేని కుర్రవాళ్ళు, కూలీలు, ఐర్లండ్ నుంచీ జర్మన్ నాడుల నుంచీ కొత్తగా వచ్చిన పేదలు, స్వేచ్ఛ పొందిన నల్లవాళ్ళు, స్వేచ్ఛ కోసం చేరిన బానిసలు. మీ అమ్మాయి చెయ్యి పెట్టిన మంచం మీద పడుకున్నది దాదాపుగా ఇలాంటి మనిషే.

సూటిమాట
మాస్టారి మాటను నేను పూర్తిగా ఒప్పుకోను. ఈ లెక్కన చూస్తే ఇది ప్రజలు చేసిన యుద్ధం కాదని, డబ్బిచ్చి పేదలతో చేయించిన యుద్ధమని అర్థం వస్తుంది. మిలీషియా, అంటే అవసరమైనప్పుడు తుపాకీ పట్టి వచ్చే ఊరివాళ్ళ దళాలు, 1775తో ఆగిపోలేదు. 1777లో సరటోగా దగ్గర బ్రిటిష్ సేనాని బర్గోయిన్ చుట్టూ వల బిగిసి అతను లొంగిపోయింది చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వేలాదిగా వచ్చిన మిలీషియా వల్లనే. బ్రిటిష్ సేన ఏ పట్టణాన్నైనా పట్టుకోగలిగింది కానీ, పట్టణం దాటి పది మైళ్ళు వెళితే అక్కడ మాట చెల్లేది మిలీషియాదే. గడ్డికోసం, పశువుల కోసం బయటికి వచ్చిన ప్రతి దండుమీదా పొదల చాటు నుంచి కాల్పులు జరిగేవి. 1781 జనవరిలో కౌపెన్స్ దగ్గర అమెరికా సేనాని మోర్గాన్ మిలీషియాను రెండు సార్లు కాల్చి వెనక్కి వెళ్ళమని చెప్పి, వాళ్ళ బలం ఎంతో అంతే అడిగి గెలిచాడు. ఊళ్ళు కదలకపోతే ఆ గుడిసెల్లోని సేన ఒక్క ఏడాది కూడా నిలిచేది కాదు.

తీరిక_చదువరి
మీ ఇద్దరి మాటా ఒకే మనిషి జీవితంలో కనిపిస్తుంది. అతని పేరు జోసెఫ్ ప్లమ్ మార్టిన్, కనెటికట్ కుర్రవాడు. 1776లో 15 ఏళ్ళకే ఆరు నెలల గడువుతో చేరాడు. న్యూయార్క్ చుట్టూ జరిగిన ఓటములన్నీ చూసి ఇంటికి వచ్చేశాడు. మరుసటి ఏడాది ఊరివాళ్ళు తమ వంతు మనిషి కోసం వెదుకుతుంటే, ఎలాగూ వెళ్ళవలసినవాణ్ణే కాబట్టి తన తోలుకు రాగలిగినంత ధర రాబట్టుకోవడం మంచిదనుకుని వాళ్ళ తరఫున చేరాడు. ఆ మాట దాచకుండా తానే రాసుకున్నాడు. చేరడానికి డబ్బు తీసుకున్నాడు, అయినా యుద్ధం ముగిసేదాకా ఉన్నాడు. ఈ రెండూ నిజమే.

1777 చివర కృతజ్ఞతాదినానికి కాంగ్రెస్ తమకు పెట్టిన విందు ఏమిటో కూడా రాశాడు. చేతిలో పట్టేంత బియ్యం, ఒక చెంచాడు వినిగర్. ఆ తరువాత వ్యాలీ ఫోర్జ్, ఆ చలికాలం సేన విడిది చేసిన చోటు. అక్కడికి చేరిన నాలుగు రోజులకే, డిసెంబరు 23న, చెప్పులు లేకా ఒంటి మీద బట్ట లేకా పనికి రాని స్థితిలో 2,898 మంది ఉన్నారని వాషింగ్టన్ కాంగ్రెస్‌కు రాసిన లెక్క ఇప్పటికీ ఉంది.

ఎడిసన్_నివాసి గారూ, మీరు చూసిన జాకీ హాలో చలికాలం దానికంటే ఘోరం. న్యూయార్క్ ఓడరేవు నీళ్ళు గడ్డకట్టి వాటిమీద బండ్లు నడిచిన ఏడాది అది. నాలుగు పగళ్ళు, నాలుగు రాత్రులు కాస్త చెట్టు బెరడు తప్ప నోట్లో ఏమీ పెట్టుకోలేదని, తోటివాళ్ళు పాత బూట్లను కాల్చుకుని తినడం కళ్ళారా చూశానని మార్టిన్ రాశాడు. ఈ భాగం చదివిన రోజు రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఎడిసన్_నివాసి
బూట్లు కాల్చుకుని తిన్న సంగతి మా అమ్మాయికి చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "వాళ్ళు జబ్బు పడలేదా?" అని అడిగింది.

నాడి_చూసే_చెయ్యి
పడ్డారు, లెక్కలేనంత మంది పడ్డారు. నేను వైద్యుణ్ణి కాబట్టి ఈ ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. ఈ యుద్ధంలో తూటాకు చచ్చినవాళ్ళకంటే జబ్బుతో చచ్చినవాళ్ళు చాలా ఎక్కువ. వ్యాలీ ఫోర్జ్‌లో సుమారు 2,000 మంది చనిపోయారు, అక్కడ యుద్ధమే జరగలేదు. చలికి గడ్డకట్టి చచ్చారని అందరూ అనుకుంటారు. చాలా చావులు మంచు కరిగాక, మార్చి తరువాతి నెలల్లో విషజ్వరాలు, విరేచనాల వల్ల జరిగాయి.

అన్నిటికంటే పెద్ద శత్రువు మశూచి, అంటే మన పెద్దవాళ్ళు అమ్మవారు పోసిందనే జబ్బు. 1775–76లో క్విబెక్ మీదికి వెళ్ళిన సేనను ఓడించింది సగం అదే. బ్రిటన్‌లో మశూచి ఎప్పుడూ ఉండేది కాబట్టి అక్కడి సైనికుల్లో చాలామందికి చిన్నతనంలోనే వచ్చి పోయింది. అమెరికా పల్లెల కుర్రవాళ్ళకు అది కొత్త. వాషింగ్టన్‌కు 19 ఏళ్ళ వయసులో బార్బడోస్‌లో వచ్చి తగ్గింది కాబట్టి దాని సంగతి బాగా తెలుసు. 1777 ఫిబ్రవరిలో సేన మొత్తానికి టీకాలు వేయించమని ఆజ్ఞ ఇచ్చాడు. జెన్నర్ ఆవుమశూచి టీకా కనిపెట్టడానికి ఇంకా దాదాపు 20 ఏళ్ళుంది. అప్పటి పద్ధతి వేరు. రోగి బొబ్బలోని రసి తీసి ఆరోగ్యవంతుడి చేతిమీద గాటు పెట్టి అందులో రాసేవారు. జబ్బు వచ్చేది, కానీ తేలికగా వచ్చేది. వందకు ఒకరిద్దరు చనిపోయేవారు. మామూలుగా సోకితే ఆరేడుగురిలో ఒకరో, అంతకంటే ఎక్కువో పోయేవారు. టీకా వేసినవాళ్ళను వారాల తరబడి విడిగా ఉంచాలి, ఆ సంగతి శత్రువుకు తెలియకూడదు. ఏ యుద్ధంలోనూ చూపని ధైర్యం ఈ నిర్ణయంలో వాషింగ్టన్ చూపాడని నా అభిప్రాయం.

ఈ పద్ధతిని బోస్టన్‌కు 1721 నాటికే చెప్పినవాడు ఒనెసిమస్ అనే ఆఫ్రికా బానిస. తన దేశంలో తనకు ఇలాగే వేశారని యజమానికి చేతిమీది మచ్చ చూపించాడు. మా నాయనమ్మ చేతిమీది రూపాయి బిళ్ళంత టీకా మచ్చ గుర్తొచ్చినప్పుడల్లా నేను ఆ మనిషిని తలుచుకుంటాను.

రిచ్‌మండ్_రాధ
ఒనెసిమస్ పేరు వచ్చింది కాబట్టి, వైద్యుడుగారు ఆపిన చోట నేను అందుకుంటాను. అప్పటి 25 లక్షల జనాభాలో అయిదో వంతు బానిసలు. స్వేచ్ఛ అనే మాట ఊరంతా మోగుతుంటే వాళ్ళ చెవిన పడకుండా ఎలా ఉంటుంది? 1775 నవంబరులో వర్జీనియా గవర్నరు డన్‌మోర్, తిరుగుబాటుదారుల బానిసలు వచ్చి రాజు పక్షాన ఆయుధం పడితే విముక్తి ఇస్తానని ప్రకటించాడు. వందలమంది రాత్రికి రాత్రి పడవలెక్కి వెళ్ళారు. 1779లో బ్రిటిష్ సేనాని క్లింటన్ ఆ మాటను ఇంకా విస్తరించాడు. అవతలి వైపు, మొదట నల్లవాళ్ళను చేర్చుకోవద్దన్న వాషింగ్టన్ రెండు నెలలు తిరగకుండానే మెత్తబడ్డాడు. మొత్తం మీద 5,000 మంది నల్లవాళ్ళు అమెరికా పక్షాన పోరాడారని అంచనా. బ్రిటిష్‌వారి వైపు వెళ్ళినవాళ్ళు అంతకు ఎన్నో రెట్లు.

నాకు మరుపురాని మనిషి హ్యారీ వాషింగ్టన్. ఆఫ్రికాలో గాంబియా నది ప్రాంతంలో పుట్టి, బానిసగా అమ్ముడై, మౌంట్ వెర్నన్‌లో జార్జి వాషింగ్టన్ ఇంట పనిచేసి, 1776లో అక్కడి నుంచి పారిపోయి బ్రిటిష్ సేనలో చేరాడు. యజమాని ఇంటిపేరును మాత్రం ఉంచుకున్నాడు. 1783లో బ్రిటిష్‌వారు న్యూయార్క్ ఖాళీ చేసేటప్పుడు తమతో పంపిన సుమారు 3,000 మంది నల్లవాళ్ళ పేర్లు ఒక చిట్టాలో రాశారు. అందులో అతని పేరుంది. నోవా స్కోషియా చలిలో రాళ్ళ నేల దున్ని, 1792లో సియెర్రా లియోన్ వెళ్ళి, అక్కడ 1800లో భూమిశిస్తుకు ఎదురు తిరిగినవాళ్ళతో కలిసి బహిష్కరణకు గురయ్యాడు. యజమాని ఒక పన్నుకు ఎదురు తిరిగి దేశాధ్యక్షుడయ్యాడు. బానిస మరో పన్నుకు ఎదురు తిరిగి ఊరు విడిచి వెళ్ళవలసి వచ్చింది.

సూటిమాట
అయితే రాజు పక్షమే విముక్తి పక్షమని మీరు అంటున్నారా? డన్‌మోర్ తన సొంత బానిసలను విడిచిపెట్టలేదు. రాజభక్తులైన యజమానుల బానిసలకు ఆ ప్రకటన వర్తించదు. అది యుద్ధ తంత్రమే తప్ప ధర్మం కాదు.

రిచ్‌మండ్_రాధ
నేను ఆ మాట అనలేదు, అనను కూడా. 1781లో యార్క్‌టౌన్ ముట్టడిలో తిండి తగ్గినప్పుడు బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ తననే నమ్ముకుని వచ్చిన నల్లవాళ్ళను, మశూచి బొబ్బలతో ఉన్నవాళ్ళతో సహా, కోట బయటికి తరిమేశాడు. ముందు తీరిక_చదువరి గారు చెప్పిన మార్టినే ఆ అడవిలో పడి ఉన్న శవాలను చూసి రాశాడు. రెండు పక్షాలూ వాళ్ళను అవసరానికి వాడుకున్నాయి. ఎటు వెళితే బిడ్డలు బానిసలు కాకుండా ఉంటారో లెక్క వేసుకుని వాళ్ళు అటు నడిచారు. ఆ లెక్కకు మనం గౌరవం ఇవ్వాలి.

చార్లెట్_చంద్రం
దక్షిణాదిలో ఇది రెండు దేశాల మధ్య యుద్ధంలా ఉండేది కాదు, అన్నదమ్ముల కొట్లాటలా ఉండేది. మా ఇంటి నుంచి గంటలోపు ప్రయాణంలో కింగ్స్ మౌంటెన్ ఉంది. 1780 అక్టోబరు 7న అక్కడ రెండు వైపులా కలిపి సుమారు 2,000 మంది గంటసేపు పోరాడారు. రాజు పక్షాన నాయకుడైన ఫెర్గూసన్ ఒక్కడు తప్ప, ఇరువైపులా ఉన్నవాళ్ళంతా అమెరికా గడ్డమీద బతుకుతున్నవాళ్ళే. గెలిచాక వారం తిరగకుండా, పట్టుబడినవాళ్ళలో తొమ్మిదిమందిని చెట్టుకు ఉరితీశారు. పాత పగలు, పొలం గట్టు తగాదాలు, ఎవరి గుర్రాలు ఎవరు తోలుకుపోయారన్న లెక్కలు అన్నీ అక్కడ తేలాయి. యుద్ధం ముగిశాక రాజభక్తులు సుమారు 60,000 మంది దేశం విడిచి వెళ్ళారు. ఆ కొండమీద ఫెర్గూసన్ సమాధి మీద సందర్శకులు రాళ్ళు పేరుస్తూ ఉంటారు. నేను కూడా ఒక రాయి పెట్టి వచ్చాను.

పద్దుల_పెద్దాయన
నేను బ్యాంకులో పనిచేసి విరమించినవాణ్ణి. సేన ఎందుకు ఆకలితో ఉందన్న ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు డబ్బు. కాంగ్రెస్‌కు పన్ను వేసే అధికారం లేదు. చేతిలో ఉన్నది అచ్చుయంత్రం ఒక్కటే. 1779 చివరికి 20 కోట్ల డాలర్లకు పైగా కాగితం అచ్చు వేశారు. 1780 మార్చిలో కాంగ్రెస్సే 40 కాగితపు డాలర్లకు ఒక వెండి డాలరు అని ఒప్పుకుంది. సిపాయి జీతం నెలకు ఆరున్నర డాలర్లకు కాస్త పైన, అదీ నెలల తరబడి అందేది కాదు. చుట్టుపక్కల పొలాల్లో ధాన్యం ఉండేది, ఆ కాగితానికి అమ్మేవాడు ఉండేవాడు కాదు.

దాని ఫలితమే 1781 జనవరి 1 రాత్రి పెన్సిల్వేనియా సైనికుల తిరుగుబాటు. అది జరిగింది ఎడిసన్_నివాసి గారు చూసిన ఆ జాకీ హాలో లోనే. గొడవంతా చేరిక పత్రంలోని ఒక్క మాట మీద వచ్చింది. "మూడేళ్ళు లేదా యుద్ధం ముగిసేదాకా" అని అందులో ఉంది. ఏది ముందు వస్తే అదని సిపాయిలు అన్నారు, ఏది వెనక వస్తే అదని వాళ్ళ పై అధికారులు అన్నారు. ఏడాదిగా జీతం లేదు, మూడేళ్ళూ నిండాయి. వెయ్యిమందికి పైగా వరసలు కట్టి, ఫిరంగులు లాక్కుని, క్రమశిక్షణ తప్పకుండా ప్రిన్స్‌టన్ దాకా నడిచారు. బ్రిటిష్ సేనాని క్లింటన్ ఇదే అదనుగా, మా వైపు వస్తే బాకీ అంతా తీరుస్తామని ఇద్దరు మనుషులను పంపాడు. తిరుగుబాటుదారులు ఆ ఇద్దరినీ పట్టి అమెరికా అధికారులకు అప్పజెప్పారు. ఇద్దరినీ ఉరితీశారు. చివరికి రాజీ కుదిరి చాలామందికి విడుదల ఇచ్చారు. అది చూసి అదే నెలలో ఎదురు తిరిగిన న్యూజెర్సీ సైనికులకు మాత్రం దయ దక్కలేదు. వాళ్ళలో ఇద్దరిని తోటివాళ్ళ చేతనే కాల్పించారు.

సూటిమాట
పెద్దాయన చెప్పిన ఈ సంగతి నా వాదానికీ, మాస్టారి వాదానికీ మధ్య నిలబడుతుంది. జీతం లేక తిరగబడినవాళ్ళు జీతం ఇస్తానన్న శత్రువును పట్టి ఇచ్చారంటే, వాళ్ళను డబ్బుకోసం చేరిన పేదలని మాత్రమే అనడం అన్యాయం. మాస్టారు అలా అన్నారని కాదు. అయితే ఊరు కదిలింది అన్న నా మాటను కూడా కొంచెం సవరించుకుంటాను. తనకు బదులు మనిషిని పంపిన ఊరు ఆ మనిషికి ధాన్యం అమ్మకపోవడం గురించి నేను ఇంతవరకు ఆలోచించలేదు.

బొబ్బిలి_కోట
మన ప్రాంతానికి సంబంధించిన ఒక సంగతి చెబుతాను. 1778లో ఫ్రాన్స్ అమెరికాతో చెయ్యి కలపగానే యుద్ధం మన తీరానికి కూడా వచ్చింది. ఆ ఏడాదే బ్రిటిష్‌వారు పుదుచ్చేరిని పట్టుకున్నారు. 1783 జూన్‌లో కడలూరు కోటలో ఉన్న ఫ్రెంచి సేనను బ్రిటిష్‌వారు ముట్టడించారు. ఆ ఫ్రెంచి సేనకు అధిపతి ఎవరో తెలుసా? 1757 జనవరిలో బొబ్బిలి కోట మీదికి ఫిరంగులు తెచ్చిన బుస్సీ దొరే. అప్పటికి 60 దాటి, కీళ్ళవాతంతో బాధపడుతున్నాడు. ఐరోపాలో ఒప్పందం కుదిరిందన్న కబురు జూన్ నెలాఖరుకు ఓడమీద వచ్చాక గానీ కాల్పులు ఆగలేదు. బోస్టన్ పక్కన మొదలైన యుద్ధం కడలూరులో ఆగింది. మా తాతగారు బొబ్బిలి కథ చెప్పేటప్పుడు బుస్సీ పేరు రాగానే గొంతు పెంచేవారు. ఆ మనిషి తరువాతి కథ ఇదని తెలిస్తే ఆయన ఎంత సంతోషించేవారో.

గుంటూరు_మాస్టారు
బొబ్బిలి_కోట గారు మంచి సంగతి అందించారు. నాది గుంటూరు కాబట్టి దీనికి తోక ఒకటి చేరుస్తాను. 1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో 7,000 మందికి పైగా సైన్యంతో లొంగిపోయి, ఒంట్లో బాగాలేదని కత్తి అప్పగించడానికి తన కింది సేనాని ఓ'హారాను పంపిన కార్న్‌వాలిస్ ఐదేళ్ళకు మనకు గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. 1788లో గుంటూరు సర్కారును నిజాం నుంచి కంపెనీకి రాబట్టింది అతని హయాంలోనే. 1792లో టిప్పు చేత శ్రీరంగపట్నం ఒప్పందం చేయించాడు. 1793లో బెంగాల్‌లో అతను పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి 1802 నుంచి ఉత్తర సర్కారులకు వచ్చి మన జమీందారీల రూపు మార్చింది. అమెరికాలో పోయినదాన్ని ఇక్కడ గట్టి చేసుకున్నారని మా నాన్నగారు అనేవారు.

ఫ్రెంచివారి పాత్ర గురించి కూడా ఒక మాట చెప్పాలి. మందుగుండుకు సురేకారం కావాలి. లోకంలోకెల్లా మంచి సురేకారం బీహారుది, అది అప్పటికే ఇంగ్లీషు కంపెనీ చేతిలో ఉంది. తిరుగుబాటు మొదలైన రెండేళ్ళలో అమెరికన్లు వాడిన మందుగుండులో అధిక భాగం పరాయి దేశాల నుంచి, ముఖ్యంగా ఫ్రాన్స్ నుంచి దొంగచాటుగా వచ్చింది. యార్క్‌టౌన్ కందకాల్లో నిలిచిన సేనలోనూ సగం దాకా ఫ్రెంచివారు. సెప్టెంబరు 5న ఫ్రెంచి నౌకాధిపతి ద గ్రాస్ దళం చీసపీక్ అఖాతం ముఖద్వారాన్ని అడ్డుకుని ఉండకపోతే కార్న్‌వాలిస్ ఓడలెక్కి వెళ్ళిపోయేవాడు. ఊరూ, సేనా, రెండూ లేకపోతే ఫ్రాన్స్ వచ్చేది కాదన్నది కూడా నిజమే. సరటోగా చూశాకే వాళ్ళు సంతకం చేశారు.

సిరక్యూస్_విద్యార్థిని
ఇంతమంది రాశారు కానీ, ఈ నేల అసలు ఎవరిదో వాళ్ళ గురించి ఒక్కరూ రాయలేదు. నేను చదువుకుంటున్న ఊరు ఇరొక్వాయ్ సమాఖ్యలోని ఒనొండాగాల నేల. ఆరు తెగల ఆ సమాఖ్య ఈ యుద్ధంలో చీలిపోయింది. ఒనైడా, టస్కరోరా తెగలు అమెరికన్ల వైపు, మొహాక్, సెనెకా వంటివి బ్రిటిష్‌వారి వైపు వెళ్ళాయి. 1777 ఆగస్టు 6న ఒరిస్కనీ లోయలో బంధువులే బంధువులను చంపుకున్నారు. 1779 వేసవిలో వాషింగ్టన్ తన సేనాని సల్లివన్‌ను పంపుతూ, ఇరొక్వాయ్‌ల ఊళ్ళను ఆక్రమించడం కాదు, నాశనం చెయ్యాలని స్పష్టంగా రాసి ఇచ్చాడు. సుమారు 40 ఊళ్ళు తగలబడ్డాయి. పొట్టకొచ్చిన మొక్కజొన్నను నరికారు, కాపు కాస్తున్న పీచు, ఆపిల్ తోటలకు బెరడు ఒలిచారు.

ఇప్పుడు తేదీలు కలిపి చూడండి. పంట పోయిన ఆ వేలమంది నయాగరా కోట చుట్టూ మంచులో గుంతలు తవ్వుకుని తలదాచుకున్నది 1779–80 చలికాలంలోనే. జాకీ హాలోలో బూట్లు కాల్చుకుని తిన్న సైనికులూ, నయాగరా దగ్గర ఆకలితో చచ్చిన సెనెకా పిల్లలూ ఒకే మంచులో ఉన్నారు. 1783 పారిస్ ఒప్పందంలో వాళ్ళ పేరే లేదు. అమెరికన్ల వైపు నిలిచిన ఒనైడాల భూమి కూడా తరువాతి కొన్నేళ్ళలోనే చాలావరకు చేజారింది. సైనికులకు మాట ఇచ్చిన ఎకరాలు ఎవరి నేల నుంచి వచ్చాయో కూడా మీ అమ్మాయికి చెప్పండి.

ఎడిసన్_నివాసి
తప్పకుండా చెబుతాను. ఈ మాట మీరు రాయకపోతే నాకు తోచేదే కాదు.

కృష్ణవేణి_కలం
ఆ గుడిసెల్లోనూ, వాటి పక్కనా ఆడవాళ్ళు కూడా ఉండేవారు. బట్టలుతికి, వంట చేసి, గాయాలు కట్టి, అందుకు సగం రేషన్ తీసుకునేవారు. ఫోర్ట్ వాషింగ్టన్ దగ్గర మొగుడు పడిపోతే ఫిరంగి దగ్గర నిలిచి గాయపడిన మార్గరెట్ కార్బిన్‌కు 1779లో కాంగ్రెస్ పింఛను ఇచ్చింది. మగవేషంలో 1782లో చేరిన డెబొరా శాంప్సన్ కూడా పింఛను సాధించుకుంది. నన్ను కదిలించిన మనిషి సారా ఆస్బర్న్. 81 ఏళ్ళ వయసులో, 1837లో, వితంతు పింఛను కోసం ఆమె ఇచ్చిన వాంగ్మూలం ఉంది. యార్క్‌టౌన్ ముట్టడిలో గొడ్డుమాంసం, రొట్టె, పెద్ద కుండలో కాఫీ మోసుకుని కందకాల దాకా వెళ్ళేదట. దారిలో వాషింగ్టన్ కనిపించి ఫిరంగి గుండ్లంటే భయం లేదా అని అడిగితే, మగవాళ్ళు యుద్ధమూ చేసి పస్తులు కూడా ఉండమంటే ఎలా కుదురుతుందని జవాబిచ్చిందట. మా అమ్మ కోతల రోజుల్లో చద్దిమూట నెత్తిన పెట్టుకుని చేలోకి నడిచేది. ఆమె కూడా అచ్చం ఇదే గొంతుతో ఈ మాటే అనేది.

పద్దుల_పెద్దాయన
చివరి ప్రశ్న మిగిలింది, వాళ్ళకు ఏం దక్కిందన్నది. 1783లో చాలామందిని జీతం బదులు పత్రాలు చేతిలో పెట్టి ఇంటికి పంపారు. దారి ఖర్చుకు కూడా డబ్బులేని సైనికులు ఆ పత్రాలను వర్తకులకు రూపాయికి పావలా లెక్కన, ఒక్కోచోట అంతకంటే తక్కువకు అమ్ముకున్నారు. 1790లో ఆర్థికమంత్రి హామిల్టన్ ఆ పత్రాలకు పూర్తి విలువ కట్టించాడు, కానీ అప్పటికి అవి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకు. మొదట సంపాదించుకున్న సైనికుడికి కూడా కొంత ఇవ్వాలని ప్రతినిధి మాడిసన్ అడిగితే ప్రతినిధుల సభ 36–13 ఓట్లతో కాదంది. హామిల్టన్‌ను ఆర్థిక మేధావి అంటారు. పరపతి నిలబెట్టడానికి అదే దారని నా ఉద్యోగ అనుభవం చెబుతుంది, అయినా ఆ ఓటు గురించి చదివితే నాకు మనసు ఒప్పదు. అంతకు ముందే, 1786లో, మసాచుసెట్స్‌లో అప్పులకూ పన్నులకూ పొలాలు పోతున్న రైతులను నడిపించిన డేనియల్ షేస్ ఈ యుద్ధంలో కెప్టెన్‌గా చేసినవాడే.

పేద సైనికులకు పింఛను చట్టం వచ్చింది 1818లో. అప్పటికి బతికి ఉన్నవాడు, నేను బీదవాణ్ణని రుజువు చేసుకుంటే, నెలకు 8 డాలర్లు. మిలీషియాతో సహా అందరికీ వచ్చింది 1832లో, వితంతువులకు 1836లో.

తీరిక_చదువరి
ఆ రుజువు ఎలా ఉండేదో మార్టిన్ దరఖాస్తులో చూడవచ్చు. యుద్ధం అయ్యాక అతను మెయిన్ వెళ్ళి ఖాళీ నేల దున్నుకున్నాడు. ఆ నేల తనదని దావా వేసిన పెద్దమనిషి ఎవరో కాదు, అదే యుద్ధంలో ఫిరంగిదళ సేనాని హెన్రీ నాక్స్. 1820లో అధికారుల ముందు మార్టిన్ చెప్పుకున్న ఆస్తి ఇది: రెండు ఆవులు, ఆరు గొర్రెలు, ఒక పంది. భూమి లేదు. ఏడేళ్ళు దేశం కోసం నిలిచిన మనిషి తన పంది లెక్క కూడా ప్రమాణం చేసి చెప్పవలసి వచ్చింది.

ఎడిసన్_నివాసి
మీ జవాబులన్నీ అచ్చు తీసి అమ్మాయికి ఇచ్చాను. ఆ పింఛను దస్త్రాలు 80,000కు పైగా అమెరికా జాతీయ పత్ర భాండాగారంలో ఉన్నాయని, చేతిరాతను చదివి తిరిగి రాయడానికి ఎవరైనా సాయం చేయవచ్చని తెలిసి, మేమిద్దరం పేరు నమోదు చేసుకున్నాం. మాకు వచ్చింది ఒక వితంతువు దస్త్రం. పెళ్ళికి రుజువు లేక, ఇంట్లో ఉన్న బైబిలులో నుంచి పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు రాసుకున్న పేజీని చింపి దరఖాస్తుతో పంపింది. చింపిన అంచు కూడా బొమ్మలో స్పష్టంగా కనిపిస్తోంది. ఎనిమిది పేర్లున్నాయి. మూడో పేరు దగ్గర సిరా చెదిరిపోయింది. నిన్న రాత్రి పదకొండు దాకా మా అమ్మాయి దాన్ని పెద్దది చేసి చూస్తూ కూర్చుంది. అది మగపిల్లవాడి పేరని తను అంటోంది, నాకు ఆడపిల్ల పేరులా కనిపిస్తోంది. పాత చేతిరాత చదవడం వచ్చినవారు ఎవరైనా ఉంటే చెప్పండి, బొమ్మ పంపుతాను.